యుద్ధం నుంచి బయటపడ్డ మహిళల గౌరవార్థం విరాళాల విందు: తరచుగా అడిగే ప్రశ్నలు

బోస్నియా, రువాండా, కాంగో, ఇరాక్ వంటి చోట్ల యుద్ధాల్లో హింసను తట్టుకుని నిలిచిన మహిళలను సన్మానించి, వాళ్ల కోసం పనిచేసే సంస్థలకు నిధులు సేకరించే విందులను అమెరికాలో గాలా నైట్ అంటారు. ఇలాంటిది నిర్వహించాలనుకునే తెలుగు సంఘాల కార్యవర్గాలకు, వాలంటీర్లకు ఎదురయ్యే ప్రశ్నలకు ఇవి జవాబులు. హైదరాబాద్‌లో చేసేవాళ్లకు చివర్లో వేరుగా రాశాం.

ముందు ఏం తేల్చుకోవాలి? హాలా, తేదీనా, ముఖ్య అతిథా?

ఈ మూడూ కాదు. డబ్బు ఎవరికి వెళ్తుందో ముందు తేల్చుకోండి. "ప్రపంచంలోని యుద్ధ బాధిత మహిళలందరి కోసం" అని కరపత్రం వేస్తే ఎవరి మనసుకూ ఎక్కదు, రేపు లెక్క చెప్పడమూ కుదరదు. ఒక దేశం, ఒక సంస్థ, ఒక పని అనుకోండి.

పేరున్న సంస్థలు చాలా ఉన్నాయి. బోస్నియా యుద్ధం నడుస్తుండగా 1993లో జైనబ్ సల్బీ మొదలుపెట్టిన విమెన్ ఫర్ విమెన్ ఇంటర్నేషనల్, మహిళలను చిన్న చిన్న బృందాలుగా కూర్చోబెట్టి ఏడాది పాటు చేతిపని, లెక్కలు, ఆరోగ్యం, హక్కులు నేర్పిస్తుంది, నెలనెలా కొంత భత్యం ఇస్తుంది. అదే ఏడాది బోస్నియాలో పుట్టిన మెడికా జెనిత్సా వైద్యం, ఆశ్రయం, మానసిక చికిత్స అందిస్తుంది. కాంగోలోని బుకావులో డాక్టర్ డెనిస్ ముక్వేగే 1999లో స్థాపించిన పాంజీ ఆసుపత్రి శస్త్రచికిత్సలకు పేరుపొందింది. 1995లో రువాండా మారణహోమ వితంతువులు కలిసి పెట్టుకున్నది అవేగా అగహోజో. ఇరాక్‌లోని మైనారిటీ మతవర్గమైన యజీదీల మహిళల కోసం, వాళ్లలో ఒకరైన నదియా మురాద్ పెట్టిన నదియాస్ ఇనిషియేటివ్ ఉత్తర ఇరాక్‌లోని సింజార్‌లో పనిచేస్తుంది. ముక్వేగే, మురాద్ ఇద్దరికీ కలిపి 2018లో నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు. మరుసటి ఏడాది వాళ్లిద్దరూ ప్రారంభించిన గ్లోబల్ సర్వైవర్స్ ఫండ్ నష్టపరిహారం మీద దృష్టి పెడుతుంది.

సంస్థను ఎంచుకునే ముందు మూడేళ్ల ఆదాయవ్యయాల నివేదికలు చదవండి. అమెరికా సంస్థలైతే పన్ను శాఖకు ఏటా ఇచ్చే లెక్కల పత్రం, ఫారం 990, ఎవరైనా చూడొచ్చు. ఈ నెల అక్కడ పని నడుస్తోందా అని కూడా నేరుగా అడగాలి. 2025 ఫిబ్రవరిలో బుకావు ఎం23 తిరుగుబాటుదారుల చేతికి చిక్కింది. అఫ్గానిస్థాన్‌లో స్వచ్ఛంద సంస్థల్లో మహిళలు ఉద్యోగం చేయకూడదని తాలిబాన్ 2022 డిసెంబరులో ఆంక్ష పెట్టింది. ఇలాంటి చోట్లకు డబ్బు ఏ దారిన చేరుతుందో, అక్కడ ఎవరు ఖర్చు పెడతారో సంస్థ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

గౌరవ అతిథులను, అంటే సన్మానం అందుకునే మహిళలను, విదేశం నుంచి రప్పించాలా?

చాలాసార్లు అక్కర్లేదు. అమెరికాలో యజీదీలు ఎక్కువగా ఉన్నది నెబ్రాస్కాలోని లింకన్‌లో. బోస్నియన్లు ఎక్కువగా స్థిరపడింది సెయింట్ లూయిస్‌లో. మీ ఊరికి నాలుగు గంటల కారు దూరంలో ఉన్నవాళ్లను వదిలి వీసాల వెంట పడితే ఆర్నెల్లు అందులోనే పోతాయి. పైగా సందర్శక వీసా మీద వచ్చినవాళ్లకు గౌరవ వేతనం ఇవ్వడానికి నిబంధనలు అడ్డొస్తాయి కాబట్టి ఇమ్మిగ్రేషన్ లాయరును అడగకుండా చెక్కు రాయకూడదు.

వాళ్లను నేరుగా ఫోన్ చేసి పిలవొద్దు. రోజూ వాళ్లతో పనిచేసే సంస్థ ద్వారానే అడగండి. కాదనడం ఆమెకు సులువుగా ఉండాలి. మీరే వెళ్లి ఎదురుగా కూర్చుని అడిగితే మొహమాటానికి సరేనంటుంది.

తేదీ ఎలా ఎంచుకోవాలి?

ఐక్యరాజ్యసమితి జూన్ 19ని యుద్ధాల్లో లైంగిక హింస నిర్మూలన దినంగా ప్రకటించింది. సందర్భానికి సరిగ్గా సరిపోతుంది. అయితే అమెరికాలో అదే రోజు జూన్‌టీన్త్ (బానిసత్వ విముక్తి దినం) సెలవు, చాలామంది ఊళ్లు వెళ్తారు. దానికి ముందు వారం మేలు. అక్టోబరు 31 కూడా తగిన తేదీయే. మహిళలు, శాంతి, భద్రతలపై భద్రతా మండలి 1325వ తీర్మానం 2000లో ఆమోదం పొందింది ఆ రోజే. కాకపోతే అది హాలోవీన్, పిల్లలున్న ఇళ్ల నుంచి ఎవరూ రారు. మార్చి 8 చుట్టుపక్కల హాళ్లు దొరకవు.

ఏ రోజు పెట్టకూడదో తెలుసుకోవడం ఇంకా ముఖ్యం. ఆగస్టు 3 యజీదీలకు శోకదినం. 2014లో ఐసిస్ సింజార్ మీద పడింది ఆ రోజే. జులై 11న బోస్నియన్లు స్రెబ్రెనిత్సా ఊచకోత మృతులను తలచుకుంటారు, ఖననాలు కూడా జరుగుతాయి. ఏప్రిల్ 7 నుంచి రువాండాలో సంతాప వారం. ఆ రోజుల్లో పట్టుచీరలు, పాటలు, విందు పెట్టి వాళ్లను పిలవడం మహా తప్పు. సంతాప సభ పెట్టాలనుకుంటే పెట్టండి, విందు మాత్రం వద్దు.

బడ్జెట్ ఎలా వేసుకోవాలి? టికెట్ల మీద ఎంత మిగులుతుంది?

దాదాపు ఏమీ మిగలదు. చాలా సంఘాలు దెబ్బతినేది ఇక్కడే. 250 మందికి, పదేసి మంది కూర్చునే 25 బల్లలతో ఒక నమూనా లెక్క చూడండి.

టికెట్ 150 డాలర్లు అనుకుంటే వచ్చేది 37,500. హాలు, భోజనం మనిషికి 70 చొప్పున 17,500. వేదిక, సౌండ్, లైట్లకు 4,000. అతిథుల ప్రయాణం, బస, గౌరవ వేతనం, దుబాసీలకు 3,500. బీమా, కార్డు రుసుములు, అచ్చు పనులు వగైరా 3,000. మొత్తం ఖర్చు 28,000. అంటే హాలు నిండినా టికెట్ల మీద మిగిలేది 9,500 డాలర్లే. 60 టికెట్లు అమ్ముడుపోకపోతే అదీ దాదాపు ఉండదు.

ఈ లెక్కను నిలబెట్టేవి స్పాన్సర్లు, ఆ రాత్రి హాల్లో చేసే విరాళాల పిలుపు. స్పాన్సర్ల నుంచి 20,000, పిలుపులో 35,000, వేలంలో 8,000 వస్తే రాబడి 1,00,500 అవుతుంది, ఖర్చు పోను 72,500 మిగులుతుంది. ఖర్చు రాబడిలో 28 శాతం. మూడో వంతు దాటనివ్వొద్దు. దాటేలా కనిపిస్తే ముందు తగ్గించాల్సింది అలంకరణ, సెలబ్రిటీ విమాన టికెట్లు. అతిథుల ప్రయాణం, దుబాసీలు మాత్రం చివరి దాకా ముట్టుకోకూడని పద్దులు.

సభ ఖర్చు మొత్తం మేమే భరిస్తాం అనే ఒకరిద్దరు స్పాన్సర్లను ముందే పట్టుకోగలిగితే, "మీరిచ్చే ప్రతి డాలరూ అక్కడికే" అని ధైర్యంగా చెప్పొచ్చు. ఆ ఒక్క మాటతో విరాళాలు పెరుగుతాయి.

టికెట్ మొత్తానికి పన్ను మినహాయింపు రసీదు ఇవ్వొచ్చా?

ఇవ్వకూడదు. 150 డాలర్ల టికెట్‌లో భోజనం, వినోదం విలువ 80 అయితే విరాళంగా లెక్కకొచ్చేది 70 మాత్రమే. ఇలా ఏదైనా ప్రతిఫలంతో కలిపి 75 డాలర్లు దాటి తీసుకుంటే, ఆ ప్రతిఫలం విలువ ఎంతో సంస్థ రాసివ్వాలి. 250, ఆ పైన విరాళమిచ్చిన వాళ్లకు రాతపూర్వక రసీదు లేకుంటే మినహాయింపు రాదు.

మీ సంఘానికి 501(సి)(3) హోదా, అంటే విరాళాలకు పన్ను మినహాయింపు వర్తించే ధార్మిక సంస్థ గుర్తింపు, లేకపోతే రసీదు ఇచ్చే హక్కే లేదు. అప్పుడు చెక్కులన్నీ నేరుగా లబ్ధిదారు సంస్థ పేరు మీద రాయించండి. చాలా రాష్ట్రాల్లో విరాళాలు అడగడానికి ముందే రాష్ట్ర ప్రభుత్వం దగ్గర నమోదు కావాలి. అది కోశాధికారి మొదటి నెలలో చేయాల్సిన పని. ఇలాంటి సభల రాబడి 15,000 డాలర్లు దాటితే పూర్తి ఫారం 990 దాఖలు చేసే సంస్థలు షెడ్యూల్ జి అనే అనుబంధ పత్రం కూడా జతచేయాలి.

మనవాళ్లలో ఐటీ ఉద్యోగులు ఎక్కువ కాబట్టి కంపెనీ మ్యాచింగ్, అంటే ఉద్యోగి ఇచ్చిన విరాళానికి తోడు కంపెనీ ఇచ్చే డబ్బు, మర్చిపోవద్దు. అది సాధారణంగా విరాళానికే వర్తిస్తుంది, టికెట్‌కు కాదు. అందుకే టికెట్లు, విరాళాలు వేర్వేరు లింకుల్లో పెట్టండి.

వేలంలో ఏం పెట్టాలి? రాఫుల్ (లాటరీ టికెట్లు) పెట్టొచ్చా?

వేలానికి ఎనిమిది పది వస్తువులు చాలు. పోచంపల్లి ఇక్కత్ చీరలు, కలంకారీ వస్త్రాలు, పేరున్న వంటమనిషి చేత ఇంటి దగ్గర భోజనం లాంటివి బాగా పోతాయి. కొన్నవాళ్లకు మినహాయింపు వచ్చేది మార్కెట్ ధర కంటే ఎక్కువ పెట్టిన మొత్తానికే. అందుకని ప్రతి వస్తువు పక్కనా దాని ధర రాసి పెట్టండి. రాఫుల్ టికెట్‌కు మినహాయింపే లేదు. పైగా అది జూదం చట్టాల కిందికి వస్తుంది. వద్దు.

గౌరవ అతిథులు కుట్టిన, నేసిన వస్తువులను వేలం పాడొద్దు. పక్కన స్టాల్ పెట్టి వాళ్లు చెప్పిన ధరకే అమ్మి, ఆ డబ్బు వాళ్ల చేతికే ఇవ్వండి.

ఆమె తన మీద జరిగినది వేదిక మీద చెప్పాలా?

చెప్పించే ప్రయత్నం చేయకండి. కార్యవర్గంలో ఎవరో ఒకరు "ఆమె కథ వింటే గానీ జనం జేబులో చెయ్యి పెట్టరు" అంటారు. అది నిజమైనా చేయకూడని పనే. ఆమెను పిలిచింది గౌరవించడానికి. ఆ రాత్రి ఆమె మాట్లాడితే దేని గురించి మాట్లాడాలో ఆమే నిర్ణయించుకోవాలి. పెట్టుకున్న కుట్టు దుకాణం గురించి కావచ్చు, కోర్టులో గెలిచిన కేసు గురించి కావచ్చు. 2001 ఫిబ్రవరి 22న బోస్నియాలోని ఫోచా పట్టణం కేసులో, యుగోస్లావియా యుద్ధ నేరాల కోసం ఐక్యరాజ్యసమితి పెట్టిన హేగ్ ట్రిబ్యునల్ లైంగిక బానిసత్వాన్ని మానవత్వంపై నేరంగా తేల్చి శిక్ష వేసిందంటే, బోస్నియా మహిళలు కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పబట్టే. 1991 ఆగస్టు 14న కొరియాలో కిమ్ హాక్-సున్ తన పేరు, ముఖం దాచుకోకుండా రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జపాన్ సైన్యం తనను లైంగిక బానిసగా వాడుకున్న సంగతి బయటపెట్టింది. వాళ్లు ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు మాట్లాడాలో వాళ్లే ఎంచుకున్నారు. మీ అతిథికీ ఆ హక్కు ఉంది.

ఇలాంటి వాళ్ల నుంచి సమాచారం తీసుకునేటప్పుడు ఎలా నడుచుకోవాలో మురాద్ కోడ్ అనే నియమావళి 2022లో వచ్చింది. కార్యవర్గమంతా ఒకసారి చదవాలి. అందులోని సారాన్ని మీ సభకు ఇలా అన్వయించుకోండి. గౌరవ వేతనం ఆమె మాట్లాడినా మాట్లాడకపోయినా ఒకటే. వేదిక ఎక్కే క్షణం దాకా వద్దనుకోవచ్చు, కారణం చెప్పనక్కర్లేదు. ఆమె మానుకుంటే ఆ పది నిమిషాలు ఏం చేస్తారో ముందే సిద్ధంగా ఉంచుకోండి. లేకపోతే యాంకర్ కంగారు చూసి ఆమే నొచ్చుకుంటుంది. సభికుల నుంచి ప్రశ్నలు తీసుకోవద్దు. ఎవరో ఒకరు లేచి అడగకూడనిది అడుగుతారు.

ఇంకొక జాగ్రత్త. ఆమె శరణార్థి కేసు ఇంకా నడుస్తుంటే, లేదా నిందితుల మీద విచారణ సాగుతుంటే, వేదిక మీద చెప్పిన దానికీ వాంగ్మూలానికీ చిన్న తేడా ఉన్నా అవతలి లాయరు పట్టుకుంటాడు. జర్మనీ వంటి దేశాల్లో ఐసిస్ సభ్యుల మీద కేసులు ఇప్పటికీ నడుస్తున్నాయి. ఫ్రాంక్‌ఫర్ట్ కోర్టు 2021 నవంబరులో యజీదీలపై జాతి నిర్మూలన నేరం కింద ఒకరికి యావజ్జీవ శిక్ష వేసింది. అందువల్ల ఆమె లాయరు సరే అన్నాకే కార్యక్రమ పత్రంలో పేరు వేయండి.

ఫొటోలు, లైవ్, ఫేస్‌బుక్?

లైవ్ పెట్టొద్దు. రికార్డు చేసి, ఆమెకు చూపించి, ఆమె ఒప్పుకున్న భాగమే తర్వాత పెట్టండి. ఒప్పంద పత్రం ఆమె భాషలో ఉండాలి. ఫొటో, వీడియో, పేరు, ఊరు, పిల్లల ప్రస్తావన, ఎన్నాళ్లు వాడుకుంటారు అన్నవాటికి వేర్వేరుగా అవును, కాదు అని గుర్తు పెట్టే గళ్లు పెట్టండి. అన్నిటికీ కలిపి ఒకే సంతకం తీసుకుంటే అది ఒప్పుకోలు కాదు.

ముఖం మసకచేస్తే సరిపోతుందనుకోవద్దు. చేతి మీద పచ్చబొట్టు, గొంతు, ఊరి పేరు, పక్కన కూర్చున్న చెల్లెలు, వీటిలో ఏ ఒక్కటి చాలు గుర్తుపట్టడానికి. ఇంకా అక్కడే ఉన్న బంధువులకు ప్రమాదం. అతిథులు ఉండే బల్ల వైపు ఫోన్లు తిప్పొద్దని యాంకర్ మొదట్లోనూ, విరాళాల పిలుపుకు ముందూ చెప్పాలి. ఒక వాలంటీరు ఆ పని మీదే ఉండాలి.

దుబాసీని ఎలా చూసుకోవాలి?

భాష పేరు సరిగ్గా కనుక్కోండి. యజీదీలు ఎక్కువగా మాట్లాడేది కుర్మాంజీ అనే కుర్దిష్ యాస. సోరానీ కుర్దిష్ వచ్చినవాళ్లను తెస్తే పని జరగదు. అఫ్గాన్ అతిథి అయితే దరీనా, పష్తోనా అని అడగండి. మహిళా దుబాసీ కావాలి. పేరు ముందే అతిథికి చెప్పి సరేననిపించుకోండి, ఎందుకంటే యుద్ధంలో అవతలి పక్షానికి చెందిన మనిషి పక్కన నిలబడితే ఆమె నోరు పెగలదు. ఆమె కూతుర్ని, కొడుకుని దుబాసీగా వాడుకోవడం పనికిరాదు. సభ అంతా చెవిలో అనువాదం కావాలంటే ఇద్దరిని పెట్టండి. ఒక్కరే అరగంటకు మించి నాణ్యంగా చేయలేరు.

హాలు, సౌండ్, లైట్ల విషయంలో ప్రత్యేక జాగ్రత్తలు ఏమైనా ఉన్నాయా?

మన సభల అలవాట్లు మార్చుకోవాల్సింది ఇక్కడే ఎక్కువ. వేదిక మీదికి ఎవరైనా రాగానే అటూ ఇటూ నిప్పురవ్వలు చిమ్మే కోల్డ్ పైరో, ఢామ్మని పేలే పేపర్ బ్లాస్ట్, బెలూన్లు, పొగ యంత్రం, తలల మీద తిరిగే డ్రోన్ కెమెరా, ఇవన్నీ రద్దు చేయండి. ఈవెంట్ మేనేజర్లు ప్యాకేజీలో భాగంగా చెప్పకుండానే తెచ్చేస్తారు. అందుకే ఒప్పందంలో పేరుపేరునా వద్దని రాయించండి. పేలుడు శబ్దం, పొగ వాసన, నెత్తి మీద మోత ఒక్క క్షణంలో మనిషిని మళ్లీ ఆ రోజుల్లోకి లాక్కెళ్తాయి.

తీన్మార్ డప్పు పెట్టాలనిపిస్తే అతిథులను ముందే అడగండి. సరేనంటే చిన్నగా మొదలుపెట్టి పెంచండి, ఒక్కసారిగా వద్దు. వీడియో వేసేటప్పుడు హాలు పూర్తిగా చీకటి చేయకుండా గోడల లైట్లు ఉంచండి. యుద్ధ దృశ్యాలు, శవాలు, ఏడుస్తున్న పిల్లలు ఉన్న వీడియో అసలు వేయొద్దు.

అతిథుల బల్ల తలుపు కనబడేలా, బయటికి తేలిగ్గా వెళ్లగలిగేలా ఉండాలి. ముందు వరుస మధ్యలో సోఫాలేసి ఇరికించడం మర్యాద అనుకుంటాం, వాళ్లకది ఊపిరాడని చోటు. హాలు పక్కనే ఒక గది ఖాళీగా ఉంచండి. అందులో నీళ్లు, కుర్చీలు, మెత్తటి వెలుతురు, తోడుగా శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలి. ఆయుధాలు, యూనిఫాం కనిపించే సెక్యూరిటీని గుమ్మం బయటే పెట్టండి. సభకు రెండు గంటల ముందు అతిథులకు హాలంతా చూపించి, మైకు శబ్దం వినిపించండి.

శాలువా, పూలదండ, జ్ఞాపిక ఇవ్వొచ్చా?

ఇవ్వండి, బాగుంటుంది. కానీ మగవాళ్లు దగ్గరికొచ్చి మెడలో దండ వేయడం, భుజాల మీద శాలువా కప్పి ఫొటో కోసం పట్టుకుని నిలబడటం వద్దు. ఒక మహిళ శాలువా చేతికందిస్తే చాలు, కప్పుకోవాలో వద్దో ఆమె ఇష్టం. బొట్టు పెట్టడం, హారతి ఇవ్వడం కూడా అడిగాకే.

సంప్రదాయం పాటించే యజీదీలు నీలం రంగు వాడరు. శాలువా, బల్ల గుడ్డలు వేరే రంగులో చూసుకోండి. వేదిక మీద నాయకులు, స్పాన్సర్లు ఇరవై మంది నిలబడి ఆమెను మధ్యలో పెట్టుకునే గ్రూప్ ఫొటో కూడా మానేయాలి. స్పాన్సర్ల సత్కారం వేరే సమయంలో చేసుకోండి.

భోజనం?

బోస్నియా, కొసోవో, అఫ్గాన్ ముస్లిం అతిథులకు హలాల్ కావాలా అని అడగండి. సంప్రదాయ యజీదీలు లెట్యూస్ తినరు, అంటే క్యాటరర్ పెట్టే సలాడ్ మారాలి. మన కారం చాలామంది తట్టుకోలేరు కాబట్టి రెండు కూరలు కారం లేకుండా చేయించండి. వేరుశనగ, నువ్వులు, జీడిపప్పు ఉన్నవాటి ముందు చీటీ పెట్టండి.

విరాళాల పిలుపు ఎప్పుడు ఇవ్వాలి?

భోజనం వడ్డించాక, తీపి రాకముందు. మన సభలు ఆరింటికని ఎనిమిదింటికి మొదలవుతాయి, తొమ్మిదిన్నరకు పిల్లలున్నవాళ్లు లేస్తారు. 6:30కి తలుపులు తెరిచి, 7:15కి సభ మొదలుపెట్టి, 7:30కి సన్మానం చేసి, 8:15కి పిలుపు ఇస్తే హాలు నిండుగా ఉంటుంది. ప్రసంగాలు మొత్తం కలిపి 25 నిమిషాలు దాటకూడదు. డాన్సులు పిలుపు తర్వాతే.

పిలుపు పై మొత్తం నుంచి కిందికి దిగాలి. 5,000 ఇచ్చేవాళ్లు ఒకరు, 2,500 ముగ్గురు, 1,000 ఎనిమిది మంది, 500 పదిహేను, 250 ఇరవై, 100 ఇరవై. కలిపితే 35,000. పై రెండు మెట్లవాళ్లతో ముందే మాట్లాడి ఉంచుకోండి. మొదటి అంకె చెప్పి చేతులు లేవకపోతే హాలు చల్లబడిపోతుంది. ప్రతి మొత్తానికీ దేనికి ఖర్చవుతుందో సంస్థ ఇచ్చిన లెక్క చెప్పండి, మీరు ఊహించి చెప్పకండి.

అతిథి మాట్లాడిన వెంటనే పిలుపు వద్దు. మధ్యలో పది నిమిషాలైనా ఒక వీణ కచేరీయో, పాటో ఉండాలి. ఆమె చేత డబ్బు అడిగించొద్దు. పిలుపు జరిగేటప్పుడు వేదిక మీద కూర్చోబెట్టడమూ అడిగించడం కిందే లెక్క.

మాట ఇచ్చినవాళ్ల డబ్బు ఆ రాత్రే తీసుకోండి. ప్రతి బల్ల మీద క్యూఆర్ కోడ్, బల్లకొక వాలంటీరు ఉండాలి. మిగిలినవాళ్లకు 48 గంటల్లో మెయిల్ వెళ్లాలి. రెండు వారాలు దాటితే వసూలు కావడం కష్టం.

వచ్చిన డబ్బును ఇండియాలోని సంస్థకు పంపొచ్చా?

ఆ సంస్థకు ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద నమోదు లేదా ముందస్తు అనుమతి ఉంటేనే. డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో దానికున్న ఖాతాకే ముందు చేరాలి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ అలా తీసుకున్న విదేశీ విరాళాన్ని మరో సంస్థకు బదలాయించకూడదు. కాబట్టి "ఫలానా ట్రస్టుకు పంపితే వాళ్లు ఇంకొకరికి ఇస్తారు" అనే ఏర్పాటు చెల్లదు.

హైదరాబాద్‌లో చేస్తే ఏం మారుతుంది?

నగదు విరాళం 2,000 రూపాయలు దాటితే దాతకు పన్ను మినహాయింపు పోతుంది, యూపీఐ లేదా చెక్కు తీసుకోండి. ఇక్కడి ట్రస్టు తన నిధులను విదేశాల్లో ఖర్చు పెట్టాలంటే ఆదాయపు పన్ను శాఖ అనుమతి కావాలి, కాబట్టి చార్టర్డ్ అకౌంటెంటుతో మాట్లాడకుండా విదేశీ సంస్థ పేరు కరపత్రం మీద వేయొద్దు.

బాలాపూర్ ప్రాంతంలో మయన్మార్ హింస నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యా కుటుంబాలు ఉన్నాయి. 1951 శరణార్థుల ఒప్పందంపై భారత్ సంతకం చేయలేదు, వాళ్ల చట్టబద్ధ స్థితి ఎప్పుడూ అనిశ్చితమే. అక్కడి మహిళలను వేదిక ఎక్కించి, పేపర్లో ఫొటో వేయించడం వాళ్లను ప్రమాదంలోకి నెట్టడమే. వాళ్ల పేరు ఎక్కడా ఎత్తకుండా వైద్యానికి, కుట్టుమిషన్లకు డబ్బు చేర్చండి.

అమరజవాన్ల భార్యలను కూడా ఇదే సభలో సన్మానించొచ్చా?

వేరుగా చేయండి. వీరనారులకు కావాల్సినవి పింఛను కాగితాలు, పిల్లల చదువు, ఉద్యోగం. వాటికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా వెళ్లాలి. డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినం అందుకు తగిన సందర్భం. రెండూ కలిపితే రెండింటికీ న్యాయం జరగదు.

సభ అయ్యాక ఏం చేయాలి?

మరుసటి రోజు ఉదయం సంస్థ తరఫు మనిషి అతిథులకు ఫోన్ చేయాలి. సభలో బాగానే కనిపించినవాళ్లకు ఆ రాత్రి నిద్ర పట్టకపోవచ్చు. గౌరవ వేతనం, ప్రయాణ ఖర్చులు హాలు వదిలేలోపే చేతికి అందాలి, రసీదులు చూపించమని వెంటపడొద్దు. వారంలో దాతలకు రసీదులు, నెలలో పూర్తి లెక్క వెళ్లాలి: వచ్చింది ఎంత, ఖర్చు ఎంత, సంస్థకు పంపింది ఎంత, బ్యాంకు బదిలీ తేదీ. ఆ లెక్క అతిథులకూ వాళ్ల భాషలో పంపండి. ఆర్నెల్ల తర్వాత సంస్థ నుంచి వినియోగ నివేదిక తెప్పించి మళ్లీ అందరికీ పంపించాలి. ఫొటోల అనుమతి గడువు ముగిసే తేదీని కార్యవర్గ క్యాలెండర్‌లో రాసుకోండి. కార్యవర్గం మారినా ఆ రోజు వాటిని వెబ్‌సైట్ నుంచి తీసేయాల్సిందే.